రిఫరెన్సు ఇస్తే చాలదు.. చదివి ఇవ్వాలి!

2025 అక్టోబరులో ఆస్ట్రేలియాలో డెలాయిట్ సంస్థ ఇరుకున పడింది. నిరుద్యోగ సాయం పొందేవారిపై జరిమానాల విధానం గురించి అది ప్రభుత్వానికిచ్చిన నివేదికలో అసలు లేని పరిశోధన పత్రాలు రిఫరెన్సులుగా కనిపించాయి. తయారీలో ఏఐ వాడినట్టు సవరించిన ప్రతిలో వెల్లడించారు. 4.40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల కాంట్రాక్టులో కొంత సొమ్ము వెనక్కి ఇచ్చేశారు. హైదరాబాద్‌లో మనవాళ్లు కొలువు కోరుకునే కంపెనీల్లో అదీ ఒకటి. రిఫరెన్సుల పని డిగ్రీతో ముగిసిపోదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మన జిల్లా సంగతే చూద్దాం. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌటైంది. పని పోయిన కార్మికుల మానసిక స్థితిపై ఓ సైకాలజీ విద్యార్థి ప్రాజెక్టు చేస్తున్నారనుకుందాం. ఈ అంశంలో తప్పక చూడాల్సింది మారియెంతాల్ అధ్యయనం. ఆస్ట్రియాలోని ఆ ఊళ్లో బట్టల మిల్లు మూతపడ్డాక జహోదా, లాజర్స్‌ఫెల్డ్, జైసెల్ ప్రజల జీవితాన్ని పరిశీలించారు. తీరిక పెరిగినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిందని గమనించారు.

దీన్ని ఎలా ఉదహరించాలి? సైకాలజీలో ఎక్కువగా వాడేది ఏపీఏ పద్ధతి. 1929లో మొదలైన దీనికి ఇప్పుడు ఏడో ఎడిషన్ నడుస్తోంది. రచయితలు ముగ్గురు, అంతకుమించి ఉంటే మొదటిసారి నుంచే తొలి పేరు రాసి ‘ఎట్ ఆల్’ అనాలి. జర్మన్ మూలం 1933లో, ఇంగ్లిష్ అనువాదం 1971లో వచ్చాయి. అనువాదం చదివితే 1933/1971 అని రెండేళ్లూ ఇవ్వాలి. అసలు పుస్తకం చూడకుండా పాఠ్యపుస్తకంలో చదివారా? అయితే ‘ఫలానా పుస్తకంలో ఉదహరించినట్టు’ అని చెప్పి, చివరి జాబితాలో చదివిన పుస్తకాన్నే పెట్టాలి. మీరు ఇంటర్వ్యూ చేసిన కార్మికుల మాటలు మీ సొంత డేటా. వాటికి రిఫరెన్సు అక్కర్లేదు, అసలు పేర్లూ బయటపెట్టకూడదు.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు గట్టివి. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటి 40 వరకు ఉంటే ఆర్నెల్లలోపు సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి, అనుమతించిన మేరకు ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు.

అయితే ఏఐ పుట్టించిన దొంగ రిఫరెన్సు ఈ పోలిక పరీక్షలో దొరక్కపోవచ్చు. దాన్ని పట్టుకోవాల్సింది మీరే. డీఓఐ లింకు నొక్కండి. తెరుచుకున్న పత్రం శీర్షిక, రచయితలు, ఏడాది మీరు రాసినవేనా చూడండి. మీరు చెప్పిన సంగతి అందులో ఉందో లేదో చదవండి. పత్రం దొరక్కపోతే తీసేయండి.

ఇంటర్వ్యూలో ‘ఈ లెక్క ఎక్కడిది?’ అని అడిగితే తడబడకుండా చెప్పగలగాలి. అంతకన్నా ముఖ్యం, ఒక్క దొంగ రిఫరెన్సు బయటపడితే శక్కర్‌నగర్ కార్మికుడు మిమ్మల్ని నమ్మి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.