గాలి నెట్ కంపెనీల్లో పెట్టుబడి: తూము చూసి చెరువు అనుకోవద్దు

బయ్యారం: పత్తి, మిర్చి అమ్మిన డబ్బు చేతికి వచ్చే రోజుల్లోనే పల్లెల్లో పెట్టుబడి మాటలు కూడా మొదలవుతాయి. మునుపు చీటీలు, ఆ తరువాత ప్లాట్లు వచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్ వంతు. తీగ లాగకుండా గాలిలోనే వేగంగా నెట్ అందించే చిన్న కంపెనీలో వాటా తీసుకుంటే నెలనెలా రాబడి ఉంటుందని ఎవరైనా చెబితే రైతు ఏం చేయాలి? కాదని కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే నెట్ అవసరం నిజమే. పిల్లల చదువు నుంచి బ్యాంకు లావాదేవీల వరకు అన్నీ సెల్‌ఫోనులోకి వచ్చాయి. కాని అవసరం ఉన్న ప్రతిచోటా లాభం ఉంటుందనుకోవడం పొరపాటు.

చెరువు ఒకరిది, తూము మరొకరిది

ఈ వ్యాపారం తెలియాలంటే బయ్యారం పెద్దచెరువును తలచుకుంటే చాలు. కాకతీయుల కాలం నాటి ఆ చెరువులో నీరుంటేనే తూము కింద పొలం తడుస్తుంది. గాలి నెట్ ఇచ్చే చిన్న కంపెనీ తూము లాంటిది. పట్టణం నుంచి భూమిలో వచ్చే ఫైబర్ తీగ చెరువు. ఆ తీగ సాధారణంగా పెద్ద టెలికాం కంపెనీలదో, ప్రభుత్వ సంస్థలదో అయివుంటుంది. చిన్న కంపెనీ వారి దగ్గర నెట్‌ను టోకున కొని, ఎత్తయిన స్తంభం మీద డిష్ బిగించి, ఇళ్ళ మీది చిన్న డిష్‌లకు పంపుతుంది. పైవాడు ధర పెంచినా, తీగ తెగినా, ఊరిలోని డిష్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

ఇక గాలి సంగతి. చిన్న కంపెనీలు సాధారణంగా లైసెన్సు అక్కరలేని తరంగాలను వాడుకుంటాయి. వాటికి రుసుము లేకపోవడం ఒక సదుపాయం. అయితే అవి ఎవరి సొత్తూ కావు. పక్కన మరొకరు డిష్ పెడితే రెండింటికీ ఆటంకం కలుగుతుంది, ఫిర్యాదు చేయడానికి హక్కు ఉండదు. పైగా ఈ డిష్‌లు ఒకదానికొకటి ఎదురుగా కనబడాలి. గుట్టలు, చెట్లు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, దూరంగా విసిరేసినట్లుండే తండాలకు నెట్ చేర్చాలంటే మధ్యమధ్య స్తంభాలు నిలపక తప్పదు. పిడుగు పడినా, కరెంటు వోల్టేజీ ఎగిరినా పెట్టెలు కాలిపోతాయి. ఆ ఖర్చులు కాగితం మీది లాభాల లెక్కలో సాధారణంగా కనిపించవు.

ఒక లెక్క

ఉదాహరణకు ఒక ఊరిలో స్తంభం, డిష్‌లు, బ్యాటరీలు కలిపి 3 లక్షలు అయ్యాయనుకుందాం. 100 ఇళ్ళు చేరి నెలకు 300 చొప్పున కడితే రాబడి 30,000. అందులో సగం, అంటే 15,000 పైకంపెనీకి పోతుంది. ఇంటింటికీ తిరిగి మరమ్మతు చేసే కుర్రాడికి 8,000, కరెంటుకు, సామానుకు 3,000. చివరికి మిగిలేది 4,000. పెట్టిన అసలు తిరిగి రావడానికి ఆరేళ్ళ మూడు నెలలు పడుతుంది.

ఆ 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే నెలకు వడ్డీయే 6,000. అంటే ఊరంతా చేరినా ఇంటి నుంచి 2,000 ఎదురు పెట్టుకోవాలి. సొంత డబ్బే అయినా, 100 ఇళ్ళలో 15 మానేస్తే మిగులు 1,750కి పడిపోతుంది. 30 ఇళ్ళు మానేస్తే నెలకు 500 నష్టం. అదే కుర్రాడు, అదే కరెంటు బిల్లు; తగ్గేది రాబడి మాత్రమే. ఈ వ్యాపారం ఆయువుపట్టు ఇక్కడే ఉంది. కాబట్టి ఎన్ని ఇళ్ళు చేరతాయన్నదాని కన్నా, పెద్ద కంపెనీ వచ్చిన నాడు ఎన్ని ఇళ్ళు నిలుస్తాయన్నది అడగాలి.

పెద్దవాళ్ళు వచ్చిన నాడు

ఇది ఉత్త భయం కాదు, జరిగిన చరిత్రే. 2010 జూన్‌లో కేంద్రం గాలి నెట్ తరంగాలను వేలం వేసింది. అంతవరకు పెద్దగా పేరు వినబడని ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్ అనే కంపెనీ దేశంలోని 22 సర్కిళ్ళలోనూ సుమారు 12,848 కోట్లకు తరంగాలు దక్కించుకుంది. వెంటనే రిలయన్స్ ఇండస్ట్రీస్ ఆ కంపెనీలో 95 శాతం వాటాను సుమారు 4,800 కోట్లకు తీసుకుంటున్నట్లు ప్రకటించింది. అదే తరువాత జియో అయింది. చిన్న కంపెనీ పెద్దదైన కథగా దీన్ని చెప్పుకోవచ్చు. అయితే అక్కడ కంపెనీ చేతిలో దేశమంతటి తరంగాల హక్కు ఉంది. ఊరి డిష్ కంపెనీ చేతిలో అటువంటి హక్కేదీ ఉండదు.

అదే వేలంలో ఎయిర్‌సెల్ ఆంధ్రప్రదేశ్ సహా 8 సర్కిళ్ళకు సుమారు 3,438 కోట్లు కట్టింది. 2016లో ఆ తరంగాలనే ఎయిర్‌టెల్‌కు సుమారు 3,500 కోట్లకు ఇచ్చివేయడానికి ఒప్పందం చేసుకుంది. ఆరేళ్ళ వడ్డీ ఏమైందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 2018లో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక ధరలు కుప్పకూలాయి. ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సుమారు 269 రూపాయలు పడితే, 2018 నాటికి 12 రూపాయల లోపుకు దిగింది. వాడుకునేవారికి ఇది వరం. పాత ధర లెక్కన పెట్టుబడి పెట్టినవారికి మాత్రం శాపం. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఇంటికి తీగ లేకుండా నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ పథకాలు ప్రారంభించాయి. చిన్న కంపెనీ అమ్ముతున్న సరుకునే పెద్దవారూ అమ్మకానికి పెట్టారన్నమాట.

అమెరికాలోనూ ఇదే కథ. క్లియర్‌వైర్ అనే గాలి నెట్ కంపెనీ 2007లో ఒక్కో వాటాను 25 డాలర్లకు ప్రజలకు అమ్మింది. ఇంటెల్, గూగుల్ వంటి మహా సంస్థలు కూడా అందులో డబ్బు పెట్టాయి. 2013లో స్ప్రింట్ కంపెనీ మిగిలిన వాటాలను కొన్నప్పుడు ఇచ్చిన ధర 5 డాలర్లు. అంత పెద్ద తలకాయల లెక్కే తప్పినప్పుడు, మిర్చి డబ్బుతో లెక్క వేసే రైతు మరింత జాగ్రత్త పడాలి.

వాటా అంటే ఏమిటి, డిపాజిట్ అంటే ఏమిటి

డబ్బు అడిగే మనిషి ఏ పేరుతో అడుగుతున్నాడన్నది ముఖ్యం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వాటాలు కొనమని ఊరూరా జనాన్ని పిలవడానికి చట్టం ఒప్పుకోదు. అటువంటి కంపెనీలో వాటా కొన్నా, అవసరానికి అమ్ముకుందామంటే సంత ఉండదు. డిపాజిట్ అంటారా, అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం తెచ్చింది. అగ్రిగోల్డ్ వ్యవహారంలో వివిధ రాష్ట్రాలకు చెందిన సుమారు 32 లక్షల ఖాతాదారుల 6 వేల కోట్లకు పైగా సొమ్ము చిక్కుకుంది. ఆ కంపెనీ నెట్ వ్యాపారం చేయలేదు, కాని డబ్బు తీసుకునే తీరులో పాఠం ఒకటే. కాగితం మీద కంపెనీ ముద్ర ఉన్నంత మాత్రాన డబ్బుకు భద్రత ఉన్నట్లు కాదు.

మీ పొలంలో టవరు వేస్తాం, నెలకు వేలల్లో అద్దె ఇస్తాం, ముందుగా కొంత రుసుము కట్టండి అని ఫోను వస్తే అది మోసమని గ్రహించాలి. టవర్లకు తాము అనుమతి పత్రాలు ఇవ్వబోమని ట్రాయ్ పలుమార్లు ప్రకటించింది. ఏజెన్సీ గ్రామాల వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 1/70 నిబంధనల కింద గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. బయటి కంపెనీకి స్తంభం కోసం స్థలం రాసిచ్చే ముందు తహసీల్దారు కార్యాలయంలో గాని, ఐటీడీఏలో గాని విచారించడం మంచిది.

చిన్నగా మొదలు పెట్టే దారి

అయితే పల్లె యువకులకు ఇందులో దారే లేదా అంటే, ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. దీని కింద కిరాణా కొట్టు, టీ దుకాణం నడిపేవారు వైఫై పెట్టె పెట్టుకొని నెట్ అమ్ముకోవచ్చు. దుకాణదారుకు లైసెన్సు గాని, రిజిస్ట్రేషన్ గాని అవసరం లేదు. ఇటువంటి దుకాణాలకు 200 ఎంబీపీఎస్ వరకు కనెక్షన్‌కు ఇంటి కనెక్షన్ ధర కన్నా రెండింతలకు మించి వసూలు చేయరాదని 2025 జూన్‌లో ట్రాయ్ ఆదేశించింది.

ఎస్టీడీ బూతుల కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెల్‌ఫోన్లు వచ్చాక బూతులు మూతపడ్డాయి. కాని కొట్టులో ఒక మూల ఫోను పెట్టుకున్నవాడికి ఫోను పోయినా కొట్టు మిగిలింది. బూతునే నమ్ముకొని అప్పు చేసినవాడు ఇబ్బంది పడ్డాడు. వైఫై పెట్టె విషయంలోనూ ఇదే సూత్రం. ఉన్న దుకాణానికి తోడుగా పెట్టుకుంటే, పోయినా పెట్టె ఖరీదే పోతుంది.

అంతకు మించి డబ్బు పెట్టదలచినవారు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడగాలి. కంపెనీకి టెలికాం శాఖ లైసెన్సు ఉందా? ఫైబర్ ఎవరి దగ్గర కొంటున్నారు, ఎన్నేళ్ళ ఒప్పందం? స్తంభం, డిష్‌లు ఎవరి పేరున ఉంటాయి? వ్యాపారం ఆగిపోతే అప్పులకు ఎవరు పూచీ? నాలుగింటికీ జవాబు వచ్చేవరకు ఖాళీ ప్రామిసరీ నోటు మీద గాని, చెక్కు మీద గాని సంతకం చేయరాదు.

2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఉక్కు కర్మాగారం మాట రాసి ఉంది. అప్పుడు బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని ఆ చట్టం చెప్పింది. ఏళ్ళు గడిచినా కర్మాగారం రాలేదు. చట్టంలో రాసిన మాటకే ఇంత ఆలస్యమైనప్పుడు, రంగుల కరపత్రంలోని మాటను నమ్మి ఏడాది కష్టాన్ని ఇచ్చివేయడం తగదు. నెట్ రావాలి, ప్రతి తండాకూ రావాలి. అందుకోసం రైతు తన పంట డబ్బును పణంగా పెట్టవలసిన పని లేదు.