హత్యలకు అభ్యంతరం లేదట!

కిందటి దీపావళికి మన సంఘం గ్రంథాలయానికి నేను 12 పుస్తకాలు ఇచ్చాను. అన్నీ ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలే. రాసినాయన జోసెఫ్ హాన్సెన్ అనే అమెరికన్. ఆయన సృష్టించిన డిటెక్టివ్ పేరు డేవ్ బ్రాండ్‌స్టెటర్. లాస్ ఏంజలిస్‌లో బీమా కంపెనీ తరఫున అనుమానాస్పదమైన చావులు విచారించడం అతని వృత్తి. మొదటి నవల ‘ఫేడవుట్’ 1970లో వచ్చింది, చివరిది 1991లో.

మొన్న వెళ్ళి చూస్తే అరలో ఆ పుస్తకాలు లేవు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాటిని కింది అరలో పెట్టి తాళం వేశారట. అడిగినవాళ్ళకి మాత్రమే ఇస్తారట. కారణం నాకు కాస్త మొహమాటపడుతూనే చెప్పారు: పని ముగించుకుని డేవ్ ఇల్లు చేరితే అక్కడ అతని కోసం ఎదురుచూసేది భార్య కాదు, మరో మగవాడు. కుటుంబాలు వచ్చే చోట ఇలాంటివి బాగుండవని కార్యవర్గం వారి అభిప్రాయం.

అయ్యా, ఈ నవలల్లో పుస్తకానికొక శవమైనా ఉంది. కత్తిపోట్లున్నాయి, తుపాకి దెబ్బలున్నాయి, బీమా డబ్బు కోసం ఆడిన నాటకాలున్నాయి. వీటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మనిషి మనిషిని చంపడం మన పిల్లలు చదవొచ్చు. మనిషి మనిషిని ప్రేమించడం దగ్గరే తాళంచెవి బయటికి వచ్చింది!

చదివితే పిల్లలు చెడిపోతారంటారు కొందరు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు దొంగచాటుగా, పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివారు. యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ చదివి ఎంతమంది డిటెక్టివులయ్యారు? ఎంతమంది హంతకులయ్యారు? నాకు తెలిసినంతలో అందరూ ఇంజనీర్లే అయ్యారు.

ఇది మన సంస్కృతి కాదనేవారు రెండోవర్గం. ఇలాంటివాళ్ళని నేరస్థులుగా చూసిన 377వ సెక్షన్ మన మనువో యాజ్ఞవల్క్యుడో రాసింది కాదు. 1860లో ఇంగ్లీషు దొరలు మన నెత్తిన పెట్టిన శిక్షాస్మృతిలోది. ఇష్టపూర్వకంగా కలిసి ఉండే వయోజనులకు అది వర్తించదని 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకా దొరల సెక్షన్‌నే పట్టుకు వేలాడుతూ దాన్ని మన సంస్కృతి అనడం విడ్డూరం.

మూడోవారు నా మంచి కోరేవారు. “డాక్టరు గారూ, మీరే ఈ విషయం మీద ఒక వైద్య వ్యాసం రాసివ్వండి, వేసుకుందాం. నవలలెందుకు?” అన్నారు. నాకు కోపం వచ్చింది ఈ మాటకే. ఇది జబ్బు కాదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే తమ జబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. ఇక నేను వైద్య వ్యాసం రాయడం దేనికి? జబ్బు కానిదాని మీద డాక్టరు చేత వ్యాసం రాయించడంలోనే అది జబ్బన్న నమ్మకం దాగి ఉంది.

నవలలెందుకో చెబుతాను. డిటెక్టివ్ నవలల్లో ఇలాంటి మనిషి హాన్సెన్ కంటే ముందూ ఉన్నాడు. 1930లో వచ్చిన డాషియల్ హామెట్ ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో జోయెల్ కైరో ఉన్నాడు కదా. సెంటు పూసుకుని, వెక్కిరింపులు పడి, దెబ్బలు తినడానికి ఉన్నాడు. హాన్సెన్ కూడా మొదట్లో జేమ్స్ కోల్టన్ అనే మారుపేరు చాటున రాసినవాడే. ‘ఫేడవుట్’కి సొంత పేరు పెట్టుకున్నాడు. దెబ్బలు తినేవాడి స్థానంలోంచి ఆ మనిషిని తీసి, నిజం కనుక్కునేవాడి స్థానంలో కూర్చోబెట్టాడు.

ఆ మొదటి నవలలోనే డేవ్ దుఃఖంలో ఉంటాడు. ఇరవై ఏళ్ళకు పైగా కలిసి బతికిన రాడ్ క్యాన్సరుతో పోయాడు. ఆ దుఃఖంతోనే పనికి వెళతాడు. రచయిత మనల్ని జాలిపడమని అడగడు, ఉపన్యాసం ఇవ్వడు. ఒక్క నవల చదివితే ‘అలాంటివాడు’ అన్న మాట మనసులో మెదులుతూనే ఉంటుంది. నాలుగోదానికి వచ్చేసరికి ఆ మాట మర్చిపోతాం. ఆఖరికి డేవ్ ముసలివాడవుతుంటే, ఈయన ఇక ఈ పని మానేస్తే బాగుండునని మనమే కంగారుపడతాం. ఒక మనిషితో ఇరుగుపొరుగున 20 ఏళ్ళు కాపురమున్నట్టుంటుంది. కరపత్రం ఆ పని చెయ్యలేదు.

1987లో వచ్చిన ‘ఎర్లీ గ్రేవ్స్’ సంగతి డాక్టరుగా చెప్పకుండా ఉండలేను. ఎయిడ్స్ జబ్బు గురించి మొట్టమొదటి నివేదిక 1981 జూన్ 5న అచ్చయింది. అందులోని అయిదుగురు రోగులూ లాస్ ఏంజలిస్ యువకులే, అంటే డేవ్ ఊరివాళ్ళే. నవలలో ఆ జబ్బు సోకిన యువకుల్ని ఎవరో వరసగా పొడిచి చంపుతుంటారు. ఎలాగూ పోయేవాళ్ళే కదా, ఎవరు పట్టించుకుంటారు? డేవ్ పట్టించుకుంటాడు. ‘ఎలాగూ పోయేవాడే’ అన్న మాట ఆస్పత్రి వసారాల్లో నేనూ విన్నాను. పోతున్నవాణ్ణి చంపినా హత్యేనని నా పాఠ్యపుస్తకాల కంటే గట్టిగా ఆ డిటెక్టివ్ నవల చెప్పింది.

చివరగా ఒక్క సంగతి. ఏ ఊరో, ఎవరో చెప్పను. ఒక రాత్రి ఒక తెలుగు తల్లి ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, కొడుకు సంగతి చెప్పి, “దీనికి మందేమైనా ఉందా నాయనా?” అని అడిగింది. “జబ్బైతే కదమ్మా మందు” అన్నాను. సరైన జవాబే. కాని ఆవిడ ఏడుపు ఆగలేదు. అంతకు మించి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ తరవాత ఎప్పుడో మాటల్లో ఆవిడ యుగంధర్ నవలలతో పెరిగిందని తెలిసి, ‘ఫేడవుట్’ పంపాను. మూడు వారాలకు మళ్ళీ ఫోన్. కొడుకు ప్రస్తావన తేలేదు, నేనూ అడగలేదు. “ఆ డేవ్ పాపం ఒక్కడే అయిపోయాడు నాయనా. రెండోది ఉందా?” అంది.

ఆవిడ మన గ్రంథాలయానికి వచ్చి, నలుగురి ముందూ తాళంచెవి అడిగి ఆ పుస్తకం తీసుకోగలదా? ఆ కొడుకు అడగగలడా? అడిగినవాళ్ళకి ఇస్తామనడం అడగలేనివాళ్ళకి లేదనడమే. అడగలేనివాళ్ళు మన సభ్యుల ఇళ్ళల్లోనే ఉన్నారు.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఆ 12 పుస్తకాలూ పై అరలో, తక్కిన డిటెక్టివ్ నవలల పక్కన, అందరికీ కనబడేలా పెట్టండి. అలా కుదరదంటే షెర్లాక్ హోమ్స్‌కి కూడా తాళం వెయ్యండి. ఆయనా డాక్టరు వాట్సనూ ఒకే ఇంట్లో ఉండేవారు మరి!