ఏళ్ళ ఒప్పందం: వెల ఎంత? విలువ ఎంత?



వైరా జలాశయం క్రింద మూడేళ్ళకు పొలం కౌలుకు పట్టే రైతు, ఆ చేను పోయిన ఏడు ఎంత పండిందో అడిగి ఊరుకోడు. రాబోయే మూడేళ్ళు ఎంత పండుతుందో లెక్క వేసుకొంటాడు. మాట ఒకసారి ఖాయమైతే, పంట తగ్గినా కౌలు కట్టవలసినదే గదా! మన యౌవనస్థులు వాదించుకొనే ఆటగాళ్ళ ఒప్పందాలను కూడా ఈ తూకంతోనే తూచవలెను.

మన ఊళ్ళ ఆటయైన కబడ్డీనే చూడండి. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు తీసుకొన్నది. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి, అతడు ఆ సీజను అంతటికీ దూరమయ్యాడు. 2023 అక్టోబరులో అతని నాయకత్వాన భారత జట్టు ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచింది. ఆ వెంటనే జరిగిన వేలంలో తెలుగు టైటాన్స్ వారు అతనికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టారు. జట్టు మొత్తానికి అనుమతించినది 5 కోట్లే. అందులో సగానికి పైగా ఒక్కరికే పోయింది. అతడు బాగానే ఆడాడు, 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు 22 ఆటలలో రెండే గెలిచి, 12 జట్లలో చివరన నిలిచింది. ఒక్క ఎద్దుతో అరక సాగుతుందా?

కబడ్డీలో ఒప్పందాలు చిన్నవి గనుక నష్టం త్వరగా తీరుతుంది. అమెరికాలోని బేస్‌బాల్ ఆటలో అలా కాదు. అక్కడ పాత జట్టుతో గడువు తీరిన ఆటగాడు ఇష్టమైన జట్టుకు పోవచ్చును. 2011లో ఆల్బర్ట్ పుహోల్స్ అనే గొప్ప ఆటగానితో ఏంజెల్స్ జట్టు 10 ఏళ్ళకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకొన్నది. అప్పటికి అతనికి 31 ఏళ్ళు. అతని గొప్ప సంవత్సరాలు అంతకుముందే వేరే జట్టులో గడిచిపోయాయి. ఆ పదేళ్ళలో ఏంజెల్స్ చివరి పోటీలకు చేరినది 2014లో ఒక్కసారే. గడువు ఇంకా తీరకముందే, 2021 మే నెలలో, అతనిని వదులుకొన్నారు. జీతం మాత్రం ఇవ్వవలసినదే.

కాబట్టి ఏళ్ళ తరబడి మాట ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మనం వెల కట్టేది జరిగిపోయిన దానికా, జరగబోయే దానికా? దెబ్బ తగిలితే నష్టం ఎవరిది? ఈ ఒక్కదానికి పెట్టగా, మిగతా అవసరాలకు ఏమి మిగులుతుంది? పొలం కౌలైనా, ట్రాక్టరు వాయిదాలైనా, పిల్లవాని చదువు అప్పైనా ఈ ప్రశ్నలు మారవు. సంతకానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి.

మరొక్క మాట. 2025 వేలంలో అదే పవన్ పలికిన ధర 59 లక్షల 50 వేలు. రెండేళ్ళలో వేలం పాట తగ్గింది గాని మనిషి తగ్గలేదు. మీ బిడ్డ ఆటలో గెలిచినా, ఓడినా, మార్కులు వచ్చినా, రాకపోయినా, ఈ తేడా మీ ఇంట్లో గుర్తుండాలి. ఒప్పందానికి వెల కట్టవచ్చును, మనిషికి కట్టకూడదు.