డెహ్రాడూన్‌లో మొదటి నలభై సీట్లు

ఏటా జూన్‌లో, డిసెంబరులో డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది. కేడెట్లు చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి 'అంతిమ్ పగ్' దాటుతారు. తర్వాత తల్లిదండ్రులు పిల్లల భుజాలకు నక్షత్రాలు తొడుగుతారు. మర్నాడు ఏ రాష్ట్రం నుంచి ఎందరు అధికారులయ్యారో పత్రికల్లో లెక్క వస్తుంది. ఏ సామాజిక వర్గం నుంచి ఎందరో అందులో ఉండదు. అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే: సైన్యంలో కులం లేదు, మెరిట్ ఒక్కటే.

అయితే ఆ అకాడమీ పుట్టుకనే చూద్దాం. 1932 అక్టోబరు 1న 40 మందితో శిక్షణ మొదలైంది. డిసెంబరు 10న నాటి కమాండర్ ఇన్ చీఫ్ ఫిలిప్ చెట్‌వుడ్ లాంఛనంగా ప్రారంభించాడు. శామ్ మానెక్‌షా ఆ మొదటి బ్యాచ్ వాడే. ఆ 40 సీట్లను ఎలా పంచారన్నది మాత్రం ఉత్సవ ప్రసంగాల్లో వినపడదు. పోటీ పరీక్షకు 15. అప్పటికే సైన్యంలో ఉన్నవారికి 15. సంస్థానాలకు 10. అంటే 25 సీట్లు కోటావే! ఆ బ్యాచ్ మెరిట్‌ను నేటికీ ఎవరూ శంకించరు.

సైన్యానికిచ్చిన ఆ 15 సీట్ల దగ్గరే అసలు సంగతి ఉంది. సిపాయిగానే చేరనివ్వని కులానికి ఆ దారి ఎక్కడిది? 'యుద్ధ జాతుల' సిద్ధాంతం పేరుతో బ్రిటిష్ పాలకులు 1890లలోనే మహర్ల భర్తీ ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి 111వ మహర్ పటాలాన్ని పెట్టుకున్నారు, 1921లో రద్దు చేశారు. మద్రాసు సైన్యంలోని తెలుగు, తమిళ సిపాయిలకూ ఆ సిద్ధాంతం దెబ్బే తగిలింది. సుబేదార్ కొడుకుగా మౌ కంటోన్మెంటులో పుట్టిన అంబేడ్కర్‌కు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయం కాదు. మొదటి రౌండ్ టేబుల్ సమావేశపు రక్షణ ఉపసంఘం దేశంలోనే సైనిక కళాశాల పెట్టాలని చర్చిస్తున్నప్పుడు, సైన్యంలో భర్తీని అణగారిన వర్గాలతో సహా అందరికీ తెరవాలని ఆయన పట్టుబట్టారు. మహర్ రెజిమెంట్ వచ్చింది 1941లో, మళ్లీ యుద్ధం ముంచుకొచ్చాకే. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ను 1946లో తీసేశారు.

ఇప్పటి సంగతికి వద్దాం. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్ ప్రవేశాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. ఈ స్కూళ్లు పెట్టిందే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పిల్లల్ని తయారు చేయడానికి. అక్కడ చదివి ఆర్మీని ఎంచుకున్నవారు చివరి శిక్షణకు డెహ్రాడూన్ వెళ్తారు. కానీ ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షల్లో మన కుల ధ్రువపత్రం పనికొచ్చేది ఫీజు మినహాయింపుకే. ఆరో తరగతిలో ప్రభుత్వమే గుర్తించిన వెనుకబాటు ఇంటర్ కాగానే మాయమైపోతుందా? రాత పరీక్ష గట్టెక్కినా ఎస్‌ఎస్‌బీలో ఐదు రోజుల వడపోత ఉంది. ఇంగ్లిష్ చర్చల్లో తడబడని నోరు, అధికారుల ఇళ్లలో అబ్బే నడత అక్కడ సగం బలం.

సైన్యంలో రిజర్వేషన్ ఉండాలన్నదే మా అభిప్రాయం. దానిమీద వాదనలు సాగనివ్వండి, ముందు లెక్క కావాలి. ఫీజు మినహాయింపు ఇస్తున్న యూపీఎస్సీకి దరఖాస్తుదారుల కులం తెలుసు. కోరుకొండలో రిజర్వు సీటులో చేరినవారిలో ఎందరు ఆ చెట్‌వుడ్ మెట్లెక్కారో రక్షణ శాఖ చెప్పాలి. మన రెండు రాష్ట్రాల ఎస్సీ, ఎస్టీ ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ ఒక్క ప్రశ్న అడగాలి.