నల్లపట్టీ కింద అక్షరాలు బతికే ఉంటాయి

పోయిన నెల మన గ్రూపులోకి ఒక పీడీఎఫ్ వచ్చింది. స్కాలర్‌షిప్ మంజూరైన విద్యార్థినుల జాబితా. పేర్లు కనిపిస్తున్నాయి, బ్యాంకు ఖాతా నంబరు, కుటుంబ ఆదాయం ఉన్న గడుల మీద మాత్రం నల్లపట్టీలు. మన కాలేజీ వాళ్ల పేర్లు వేరుగా రాసుకుందామని ఆ పేజీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశా. పట్టీలు రాలేదు. వాటి కింద ఉన్నవన్నీ వచ్చేశాయి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇంటి ఏడాది ఆదాయం ఎంతో అందులో ఉంది. ఎవరని అడగొద్దు. తను నాకెప్పుడూ చెప్పని సంగతి అది. వెంటనే మూసేయాల్సింది, చదివాకే మూశా. ఒప్పుకుంటున్నా.

మేడమ్‌కి చెప్తే ఆవిడ ఆ ఆఫీసుకి ఫోన్ చేశారు. వాళ్లు ఫైలు తీసేశారు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఎవరు లెక్కపెట్టగలరు?

ఏదో చిన్న ఆఫీసు పొరపాటు అనుకున్నా. చదువుతూ పోతే పెద్ద పెద్ద ప్రభుత్వాలే ఈ తప్పు చేశాయని తెలిసింది. 2005 మార్చి 4న బాగ్దాద్‌లో, బందీగా ఉన్న ఒక జర్నలిస్టును విడిపించి విమానాశ్రయానికి తీసుకెళ్తున్న ఇటలీ గూఢచార అధికారి నికోలా కాలిపారి అమెరికా సైనికుల కాల్పుల్లో చనిపోయాడు. అమెరికా సైన్యం తన విచారణ నివేదికను సైనికుల పేర్లు, చెక్‌పోస్టు పద్ధతులు నల్లగా కప్పి బయటపెట్టింది. ఇటలీలో పాఠకులు నేను చేసినట్టే కాపీ, పేస్ట్ చేశారు. అంతా బయటపడింది. 2009లో అమెరికా విమానాశ్రయాల తనిఖీ నియమావళికి, 2011లో బ్రిటన్ అణు జలాంతర్గాముల నివేదికకి కూడా ఇదే గతి పట్టింది. 2023లో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకి జవాబుగా స్ప్రెడ్‌షీట్ ఇచ్చింది. అందులో దాచి ఉన్న ఒక షీటు వల్ల సుమారు 10,000 మంది సిబ్బంది వివరాలు బయటికొచ్చాయి. పోలీసుల మీద సాయుధ ముఠాలు కాల్పులు జరిపే చోట అది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

కారణం చాలా మామూలుది. కంప్యూటర్లో గీసిన నల్లపెట్టె అక్షరాల మీద కప్పిన గుడ్డ లాంటిది. కింద అక్షరాలు అలాగే ఉంటాయి. మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి, పిల్లి సామెత రెండింట్లోనూ ఉంది. తెలుగు పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. తమిళ పిల్లి కళ్లు మూసుకుని లోకమంతా చీకటైపోయిందనుకుంటుంది. ఆ పట్టీలు వేసినవాళ్లూ అంతే. తమకి కనిపించకపోతే ఎవరికీ కనిపించదనుకున్నారు.

"ఈ తలనొప్పి ఎందుకు? కాగితాలు బయటపెట్టడమే మానేస్తే సరిపోయె" అన్నాడు మా నాయన. నేనొప్పుకోను. ఒక పత్రంలో ఇవ్వకూడని భాగం ఉంటే దాన్ని వేరుచేసి మిగతాది ఇవ్వవచ్చని 2005 నాటి సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ చెప్తోంది. జాబితా బయటపెట్టబట్టే కదా, ఎవరికి డబ్బు మంజూరైందో మనం చూడగలిగాం! ఆ పేర్లు చూసే హక్కు మనది. ఇంటి ఆదాయం దాచుకునే హక్కు ఆ అమ్మాయిది. రెండూ నిలవాలంటే ఆఫీసుల్లో వాళ్లకి కప్పడం కాదు, తీసేయడం నేర్పాలి.

అదేం బ్రహ్మవిద్య కాదు. దాచాల్సిన మాటల్ని ముందు చెరిపేసి, అప్పుడు కొత్త పీడీఎఫ్ చేయాలి. లేదంటే పట్టీలతో సహా ప్రింటు తీసి, ఆ కాగితాన్ని స్కాన్ చేయాలి. పంపేముందు మొత్తం కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసి చూసుకోవాలి. నిమిషం పని. రేపు మనలో చాలామంది ఇలాంటి ఆఫీసుల్లోనే కూర్చుంటాం.

నేను చూశానని ఆ అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చూసింది నువ్వొక్కదానివేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇది రాయనా అని అడిగితే రాయమంది. ఆ ఫైలు మీ ఫోన్లో ఇంకా ఉంటే, తెరవకుండా ఇవాళే తీసేయండి.