గుయ్‌మనే శోర్‌కి ఇలాజ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టడమా?

మన ఇళ్లలో కేసెట్లు పోయాయి, సీడీలు అటకెక్కాయి. ఇప్పుడు లాప్‌టాప్‌లో గజల్ పెడతాం. అది డాక్ అనే చిన్న పెట్టెలోంచి ఆంప్లిఫైయర్‌కి, అక్కణ్ణుంచి స్పీకర్లకి వెళ్తుంది. అంతా డిజిటలే కదా, ఇందులో శోర్ ఎక్కణ్ణుంచి వస్తుందని చాలామంది యకీన్. ఆ యకీన్ మీదే కొందరు దుకాణదారుల కారోబార్ నడుస్తోంది. గుయ్‌మంటోందని చెబితే చాలు, ఓ ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ చేతిలో పెట్టేస్తారు. నా దృష్టిలో అది ఫుజూల్ ఖర్చు. అంకెలు అంకెలుగానే వెళ్తాయి. బంగారు పూత పూసిన తీగలో వెళ్లినంత మాత్రాన మెహదీ హసన్ గొంతు ఇంకాస్త మెత్తబడదు.

నేను చూసిన ఇళ్లలో ఈ మోత ఎక్కువగా పాటలోంచి కాదు, గోడలోని కరెంటులోంచే వచ్చింది. కేబుల్ కొంటే పైసలే పోతాయి. ఆ మోత ఆపడానికి కొందరు చేసే ఇంకో పని ఉంది, అందులో జానే పోవచ్చు. ఈ నాలుగు ముక్కలు రాయడం దాని గురించే.

హకీమ్ నాడి పట్టినట్టు ముందు శోర్‌ని వినాలి. 'సుయ్'మని సన్నగా, గాలి వీచినట్టు ఉంటే చాలాసార్లు ఫోన్ వాల్యూమ్ తక్కువ పెట్టి, ఆంప్లిఫైయర్ పూర్తిగా తిప్పి ఉంటారు. అటూ ఇటూ మార్చి చూడండి. బ్లూటూత్‌లో పాట తెగితెగి వస్తుంటే, వంటింట్లో అమ్మీ మైక్రోవేవ్ పెట్టారేమో అడగండి. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. బేగం అఖ్తర్ పాత రికార్డుల్లో చిటపటలు వినిపిస్తే అసలేం చేయకండి. అవి ఆ రికార్డులోనివే, మీ మషీన్ బేకసూర్.

ఇక అసలు మర్జ్, పాట ఆపినా ఆగని లావుపాటి 'గుయ్'. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 దగ్గరో, 100 దగ్గరో ఉంటుంది. ఆంప్లిఫైయర్‌ది మూడు పిన్నుల ప్లగ్గు, ఈ గోడకి. లాప్‌టాప్ చార్జర్‌దీ మూడు పిన్నులే, ఆ గోడకి. రెంటినీ ఆడియో కేబుల్ కలుపుతోంది. అంటే ఎర్త్ తీగలూ కేబులూ కలిసి ఓ చుట్టు తయారైంది. అందులో కాస్త కరెంటు తిరుగుతుంటుంది. ఆంప్లిఫైయర్ పాపం దాన్నీ పాటే అనుకుని పెంచి వినిపిస్తుంది.

ఇది అదో కాదో తేల్చుకోవడం ఆసాన్. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే ఆంప్లిఫైయర్ ఆపి, వచ్చే కేబుళ్లన్నీ ఊడదీసి, మళ్లీ ఆన్ చేయండి. అప్పుడూ గుయ్‌మంటుంటే రోగం ఆంప్లిఫైయర్‌లోనే ఉంది. టీవీకి వచ్చే కేబుల్ తీగ కూడా ఇలాంటి చుట్టు కడుతుంది, దాన్నీ ఓసారి పీకి చూడాలి.

మా ఖాలా కొడుక్కి ఎవరో ఓ తర్కీబ్ చెప్పారు. ఆంప్లిఫైయర్ ప్లగ్గుకున్న లావు పిన్ను విరగ్గొట్టెయ్, మోత పోతుంది అని. విరగ్గొట్టాడు. మోత నిజంగానే పోయింది! పిల్లాడు ఖుష్. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిన్ను ఉన్నది పాట కోసం కాదు. లోపల ఎప్పుడైనా తీగ ఊడి ఇనుప డబ్బాకి తగిలితే, ఆ 230 వోల్టులు ఎర్త్ దారిన పోయి ఫ్యూజ్ ఎగరడానికి. పిన్ను లేకపోతే ఆ డబ్బా ఎవరి చేయి తాకుతుందా అని ఇంతెజార్ చేస్తుంటుంది. వాళ్లింట్లో రెండేళ్ల పాప అప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది, స్పీకర్ల పక్కనే.

మర్నాడే కొత్త ప్లగ్గు వేయించాను. రెండు మషీన్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టించాను. రెండింటికీ ఎర్త్ ఒకే చోట దొరికితే చుట్టు చిన్నదైపోతుంది. మోత చాలావరకు తగ్గింది. మిగిలిన కాస్త కూడా వద్దనుకుంటే, డాక్‌కీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసోలేటర్ పెట్టుకోవచ్చు, మరీ చవకది లావు స్వరాల్ని కాస్త మింగేస్తుంది. సామానులో ఆ రంధ్రం ఉంటే ఆప్టికల్ కేబుల్ ఇంకా బెహ్తర్. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు.

ఇంకో మాట. పాత కిరాయి ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి గానీ, మూడోదాని వెనక తీగే ఉండదు. పాలిష్ చేసిన అబద్ధం. అక్కడ పిన్ను విరగ్గొట్టనక్కర్లేదు, ఇంటి మాలిక్ ముందే ఆ పని చేసి పెట్టాడు. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపో, మూడు పిన్నులున్న ఆంప్లిఫైయరో తాకితే వేళ్లు జివ్వుమంటుంటే, గజల్ సంగతి తర్వాత. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే ఆ ఖరీదైన కేబుల్‌కి దాచిన పైసలు దానికి పెట్టండి.