రెండో కల్కి కోసం పెన్న ఒడ్డున

2020 జూన్. లాక్‌డౌన్ రోజులు. నెల్లూరు జిల్లా చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర పెన్నా నది ఇసుక తవ్వుతుంటే ఒక గుడి పైభాగం బయటపడింది. అది నాగేశ్వరస్వామి ఆలయం. ఎప్పుడో నది దారి మార్చుకుని వరద ముంచెత్తినప్పుడు ఇసుక కప్పేసిందనీ, అడుగున గుడి అలాగే ఉందనీ ఊళ్లో పెద్దలు చెప్పుకునేవాళ్లు. ఆ మాట వింటూ పెరిగిన కుర్రాళ్లు పనుల్లేని రోజుల్లో పూనుకుని తవ్వకానికి దిగారు. సరిగ్గా నాలుగేళ్లకు, 2024 జూన్ 27న, ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. అందులో అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ యుగాల తరబడి దాగి ఉన్నది ఒక పాడుపడ్డ గుడిలో. అది పెరుమాళ్లపాడు గుడేనన్న మాట ఆత్మకూరు నియోజకవర్గమంతా పాకింది. టీవీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, వాటి వెనకే బైకుల మీద, కార్లలో జనం వచ్చారు.

ఆ గుడికి వాయవ్యాన ఉదయగిరి. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో గజపతుల చేతి నుంచి గెలుచుకున్న దుర్గం. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి ప్రత్యేకంగా గుడి కట్టించాడు. ఆ ఉదయగిరిలోనే 1931 సెప్టెంబరు 21న సింగీతం శ్రీనివాసరావు పుట్టారు. దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకుని, మాటల్లేని ‘పుష్పక విమానం’ తీసి, 1991 జులై 18న ‘ఆదిత్య 369’ను జనం ముందు పెట్టిన మనిషి ఆయన. కాలయంత్రం ఎక్కిన నాయకుడు ఒకసారి 1526 నాటి రాయల సభలో దిగుతాడు. ఇంకోసారి 2504లో దిగితే, యుద్ధాలతో నేల మీద బతుకు లేక మనుషులు భూమి అడుగున కాపురం పెట్టి ఉంటారు. తన పుట్టిన ఊరి కోటను గెలిచిన రాజునూ, ఎవరూ చూడని చీకటి భవిష్యత్తునూ ఒకే సినిమాలో చూపించిన దర్శకుడు తెలుగులో మరొకరు లేరు.

ఈ రెండు కథలూ కలిసేది కల్కి దగ్గరే. వైజయంతీ మూవీస్ ఈ చిత్రాన్ని 2020 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ సెప్టెంబరులో, సింగీతానికి 89 ఏళ్లు నిండే వేళ, దర్శకుడు నాగ్ అశ్విన్‌కు మార్గదర్శిగా ఆయన ఉంటారని చెప్పింది. అంతకు ముందు ‘మహానటి’లో నాగ్ అశ్విన్ యువకుడైన సింగీతాన్నే ఒక పాత్రగా చూపించారు, తరుణ్ భాస్కర్ ఆ వేషం కట్టారు. అంటే, గుడి గురించి ఊళ్లో పాకిన మాట నిజమైతే, పడమటి నెల్లూరు ఈ సినిమాకు ఒక గుడినీ ఇచ్చింది, ఒక గురువునూ ఇచ్చింది. అందుకే రెండో భాగం ఎప్పుడని ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒక కుర్రాడు అడిగితే అది ప్రభాస్ మీద అభిమానం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఈ కథలో తన వాటా ఉందని అతనికి తెలుసు.

ప్రశ్నలు చాలానే ఉన్నాయి. మొదటి భాగం చివర విలన్ సుప్రీం యాస్కిన్‌గా కమల్ హాసన్ గాండీవం ఎత్తి నిలబడ్డాడు. ప్రభాస్ చేసిన భైరవ కర్ణుడని తేలింది. ఆ తర్వాత ఏమిటి? యాస్కిన్‌కు కొత్త బలం వచ్చాక అశ్వత్థామ ఒక్కడూ నిలబడగలడా? సుమతిగా చేసిన దీపికా పదుకోన్ రెండో భాగంలో ఉండటం లేదని 2025 సెప్టెంబరు 18న నిర్మాణ సంస్థే ప్రకటించింది. కథంతా ఆమె కడుపులోని బిడ్డ చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ ఖాళీని ఎలా నింపుతారన్నది చిన్న ప్రశ్న కాదు. మొదటి భాగంలో నటన పరంగా అమితాబ్ తర్వాత చెప్పుకోవలసింది ఆమె పేరే.

ఇలాంటి నిరీక్షణ మన దగ్గరే ఉందనుకోవద్దు. సైబర్‌పంక్ అని పిలిచే కథల అభిమానులకు అది అలవాటే. యంత్రాలు ఆకాశమంత ఎదిగి, మనుషులు మాత్రం మురికివాడల్లో బతికే లోకం దాని సరుకు. విలియం గిబ్సన్ 1984లో రాసిన ‘న్యూరోమాన్సర్’ నవల ఈ తరహాకు మూలస్తంభం. 1988లో మైక్ పాండ్‌స్మిత్ అనే అమెరికన్ ఈ తరహా లోకాన్ని బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే ఆటగా మలిచాడు. పోలెండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2012లో ఆ ఆటను వీడియో గేమ్‌గా తీస్తామని ప్రకటించింది. అదే ‘సైబర్‌పంక్ 2077’. దాని రెండో ఆట కోసం ఇప్పుడు లోకమంతా కాచుకుని ఉంది.

ఆ మొదటి ఆట చరిత్ర కల్కి అభిమానులు తప్పక తెలుసుకోవాలి. ప్రకటన వచ్చిన ఎనిమిదేళ్ల దాకా ఆట రాలేదు. 2019లో సినిమా నటుడు కియానూ రీవ్స్ వేదిక మీదికి వచ్చి తానూ ఇందులో ఉన్నానని చెప్పాక ఆశలు ఆకాశాన్నంటాయి. 2020 ఏప్రిల్ 16న విడుదలన్నారు. సెప్టెంబరు 17 అన్నారు. నవంబరు 19 అన్నారు. చివరికి డిసెంబరు 10న వదిలారు. అప్పటికే దాదాపు 80 లక్షల మంది ముందే డబ్బు కట్టి కూర్చున్నారు. ఆట చేతికొచ్చాక చూస్తే, పాత ప్లేస్టేషన్ యంత్రాల మీద అది సరిగా నడవలేదు. బొమ్మలు గాలిలో వేలాడాయి, మధ్యలో ఆగిపోయేది, ముఖాలు సగం గీసినట్టు కనిపించేవి. వారం తిరిగేసరికి డిసెంబరు 17న సోనీ తన దుకాణం నుంచి ఆటను తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. తిరిగి అక్కడ అమ్మకానికి వచ్చింది 2021 జూన్‌లో. 2021 జనవరిలో సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో ముందుకొచ్చి జనాన్ని క్షమాపణ కోరాడు.

అక్కడితో ఆ పేరు మట్టికొట్టుకుపోవలసింది. పోలేదు, ఎందుకంటే ఆ సంస్థ తప్పును దాచి కొత్త సరుకు వైపు పరుగెత్తలేదు. మూడేళ్లు అదే ఆట మీద కూర్చుంది. 2022 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఎడ్జ్‌రన్నర్స్’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ వచ్చి ఆ నగరాన్ని ప్రేమించే కొత్త తరాన్ని తెచ్చింది. 2023 సెప్టెంబరులో ఆటను దాదాపు తిరగరాసిన నవీకరణ, దాని వెంటే ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు కథ వచ్చాయి. తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు. అమ్మకాలు 3 కోట్ల ప్రతులు దాటాయి. రెండో ఆట తీస్తున్నామని సంస్థ 2022 అక్టోబరులోనే చెప్పింది. 2025 మేలో అది ఆలోచన దశ దాటి నిర్మాణ సన్నాహాల్లోకి వచ్చింది. ఈసారి రెండో నగరం కూడా ఉంటుందనీ, షికాగో దారి తప్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుందనీ పాండ్‌స్మిత్ చెప్పాడు. విడుదల తేదీ మాత్రం వాళ్లు పలకలేదు. ఒకసారి చేయి కాలిన సంస్థ నేర్చుకున్న మంచి పాఠం అది.

ఈ ఆట ఫోన్‌లో ఆడేది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరో ప్లేస్టేషన్ లాంటి యంత్రమో ఉండాలి. చిన్న ఊళ్లలో అది అందరి ఇంట్లో ఉండే వస్తువు కాదు. మన దేశంలో 2020 సెప్టెంబరులో ఫోన్‌లో ఆడే పబ్జీని నిషేధించినప్పుడు పల్లెపల్లెనా వినిపించిన గగ్గోలు సైబర్‌పంక్ విషయంలో వినిపించకపోవడానికి కారణం అదే. ఆ లోకం మన మారుమూలకు నడిచి రావాలంటే సినిమా హాలు దారినే రావాలి. కల్కి చేసింది అదే. తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి కాంప్లెక్స్, యూనిట్లనే డబ్బు కోసం మనుషుల్ని పట్టిచ్చే వేటగాళ్లు, కీర్తి సురేష్ గొంతుతో మాట్లాడే బుజ్జి అనే వాహనం. సైబర్‌పంక్ దినుసులన్నీ ఇందులో ఉన్నాయి, మహాభారతం వేరు మీద అంటుకట్టి. కురుక్షేత్రం తర్వాత ఆరువేల ఏళ్లకు జరిగే కథ కాబట్టి 2898 అన్న సంఖ్య పెట్టామని దర్శకుడు వివరించారు. టికెట్టు కొని లోపలికి వెళ్లిన రైతుకూ, డిగ్రీ చదివే పిల్లకూ ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది.

కల్కి కూడా తేదీలు మార్చుకుంది. 2024 జనవరి 12 అనుకున్నది మే 9కి, ఎన్నికల వేడిలో మే నుంచి జూన్ 27కి జరిగింది. అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. ఫలితం చూశాక ఆ ఆలస్యం వృథా కాలేదని ఒప్పుకోవాలి. కాంప్లెక్స్ కట్టడంలో, అశ్వత్థామ పోరాటంలో పనితనం కనిపించింది, వసూళ్లు వెయ్యి కోట్లు దాటాయి. అయినా లోటుపాట్లు లేవని కాదు. మొదటి సగం సాగింది. భైరవ హాస్యం చాలాచోట్ల కథ బరువుకు అతకలేదు. తిరుగుబాటుదారుల నగరం శంబలలో ఉన్న మనుషుల బతుకు లోతుగా చూపలేదు. ఆ లోకంలో సామాన్యుడు ఏం తింటాడో, ఎవరి దగ్గర పని చేస్తాడో రెండో భాగమైనా చెప్పాలి.

ఎందుకంటే ఆ కథలో అన్నిటికంటే నిజమైనది నీళ్ల సంగతి. కల్కిలో గంగ ఎండిపోయింది. కాశీ ఒట్టి దుమ్ము. నీళ్లూ పచ్చదనమూ పైన కాంప్లెక్స్‌లో ఉన్నవాళ్ల సొత్తు. ఉదయగిరి, మర్రిపాడు మెట్ట ప్రాంతాల వాళ్లకు ఈ దృశ్యం 2898 నాటి ఊహలా అనిపించదు. బోర్లు ఎండే వేసవులు, ఫ్లోరైడ్ నీళ్లు వాళ్లకు తెలుసు. అనంతసాగరం మండలంలో 78 టీఎంసీల సోమశిల జలాశయం కళ్ల ముందే ఉంది. దాని నీళ్లు పల్లానికి సులువుగా పోతాయి, మెట్టకు ఎక్కాలంటే ఎత్తిపోయాలి. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట గ్రామాలకు నీళ్లివ్వడానికే సోమశిల హైలెవల్ కాలువ పథకం పెట్టారు. ఆ కాలువ కోసం ఎదురుచూసిన తండ్రుల కొడుకులే ఇప్పుడు కల్కి రెండో భాగం కోసం చూస్తున్నారు. నీళ్లు ఎవరికి దక్కుతాయన్న ప్రశ్నను సినిమా పూర్తిగా పట్టుకుంటే ఇక్కడి ప్రేక్షకుడు దాన్ని గుండెకు హత్తుకుంటాడు. పట్టుకోకుండా ఆయుధాల మోతతో సరిపెడితే మరో పెద్ద సినిమాగా మిగిలిపోతుంది.

అభిమానులకు ఈ మాట చెప్పే హక్కుంది. మొదటి భాగానికి ప్రభుత్వ అనుమతితో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ స్క్రీన్ హాళ్లలో టికెట్టు మీద 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు అదనంగా కట్టింది వాళ్లే. ఫ్లెక్సీలు కట్టిందీ, తెల్లవారుజామున హాలు ముందు నిలబడిందీ వాళ్లే. అయితే ఆ హక్కును తేదీ కోసం ఒత్తిడి చేయడానికి వాడుకోవడం తెలివితక్కువ. ప్రతి పుట్టినరోజుకూ అప్‌డేట్ కావాలని సంస్థను తిట్టడం, ఫలానా పండక్కి రాకపోతే ఊరుకోమనడం చివరికి సగం ఉడికిన గ్రాఫిక్స్‌కే దారి తీస్తాయి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ ఆటగాళ్లకు జరిగింది అదే. తేదీ గెలిచింది, ఆట ఓడింది.

సింగీతం సినిమా ఇంకో సంగతి కూడా చెబుతుంది. ‘ఆదిత్య 369’కు కొనసాగింపు మాట చాలా ఏళ్లుగా వినపడుతూనే ఉంది. కొడుకు మోక్షజ్ఞతో ‘ఆదిత్య 999’ తీస్తామని ఆ సినిమా నాయకుడు బాలకృష్ణ 2024 డిసెంబరులో చెప్పారు. ఈలోగా పాత సినిమాను మెరుగుపరిచి 2025 ఏప్రిల్ 4న మళ్లీ హాళ్లలో వేస్తే, అది వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా వెళ్లి చూశారు. మంచి పని నిలబడుతుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ అందుబాటులో లేని రోజుల్లో, సెట్లతో, కెమెరా పనితనంతో తీసిన 2504 ఈనాటికీ చూడబుద్ధవుతుందంటే అది దర్శకుడి ఓపిక ఫలం.

అందుకని ఉదయగిరి, ఆత్మకూరు అభిమానులకు ఒక విన్నపం. రెండో భాగం గురించి వైజయంతీ సంస్థకు రాసేటప్పుడు తేదీ అడగకండి. శంబలను, కాశీని, సుమతి కథను పూర్తిగా చెప్పమని అడగండి, అందుకు ఇంకో ఏడాది పడితే పట్టనివ్వమని చెప్పండి. ఇంట్లో పిల్లలకు ఈలోగా ‘ఆదిత్య 369’ చూపించి, అది తీసినాయన ఉదయగిరిలోనే పుట్టాడని చెప్పండి. పెరుమాళ్లపాడు వెళ్లేవాళ్లు ఫొటోల కోసం ఆ పాత గోడలు ఎక్కవద్దు, ఒడ్డున ప్లాస్టిక్ పారేయవద్దు. షూటింగ్ జరిగినా జరగకపోయినా అది పూజలు జరిగే గుడి, దాన్ని ఇసుక లోంచి తీసింది ఆ ఊరి పిల్లలు.